నాకు మాత్రమే షాక్ కొట్టే ఫ్యాను

అత్తయ్య గది తుడవాలంటే ముందు ఫ్యాను జరపాలి. మంచం కిందికి తడిగుడ్డ పోవాలంటే ఆ ఇనప స్టాండు అడ్డం. ఆవిడ ఉక్క ఓర్చుకోలేదు కాబట్టి ఫ్యాను ఆపడానికి లేదు. తిరుగుతున్నదాన్ని తిరుగుతున్నట్టే మెడ పట్టుకుని పక్కకి లాగి, అది ఖాళీ చేసిన చోట తుడిచి, మళ్ళీ గాలి ఆవిడ మొహానికి తగిలేలా నిలబెట్టాలి. ఇంటి పనుల్లో దీన్నెవరూ ఒక పనిగా లెక్కపెట్టరు. "గది తుడిచావా?" అంటారు గానీ "ఫ్యాను జరిపావా?" అని ఎవరూ అడగరు. అలా జరుపుతున్నప్పుడే ఒక పొద్దున అది నన్ను కొట్టింది. వేళ్ళ చివర మొదలై మోచెయ్యి దాకా జివ్వుమని పాకింది. చెయ్యి విదిలించుకున్నాను. బకెట్టు ఒరిగి నీళ్ళన్నీ మంచం కిందికి పోయాయి.

"ఏంటమ్మాయ్ ఆ గంతులు?" అంది అత్తయ్య, మంచం మీద కాళ్ళు బారచాపుకుని.

"ఫ్యాను షాక్ కొట్టిందత్తయ్యా."

"నన్నెప్పుడూ కొట్టలేదే!"

సాయంత్రం ఆయన ఇంటికి రాగానే చెప్పాను. మడమ నొప్పని ఆయన ఇంట్లో కూడా రబ్బరు చెప్పులతోనే తిరుగుతాడు. అవి టపటపలాడించుకుంటూ గదిలోకి వెళ్ళి, ఫ్యాను మెడ మీద అరచెయ్యి ఆనించి, వేటలో చంపిన పులి పక్కన ఫొటో దిగుతున్నవాడిలా నిలబడ్డాడు.

"ఏదీ? ఎక్కడ కొట్టింది? కొట్టమను చూద్దాం."

"టెస్టర్ పెట్టి చూడండి ఒకసారి."

"నాకు టెస్టరెందుకే? నా చెయ్యే టెస్టరు."

అత్తయ్య కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన మాటకి నవ్వకపోతే ఆ పూటంతా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకో చప్పుడుండదు.

మా ఆయన కరెంటాఫీసులో పనిచేస్తాడు. వీధిలో ఆయనకి వేరే పేరు లేదు, కరెంటాయనే. బల్బు మిణుకుమంటే ఆయన్నే ఆపి అడుగుతారు, మోటారు మూలిగితే ఆయన్నే అడుగుతారు. బళ్ళకీ ఫ్యాక్టరీలకీ వెళ్ళి కరెంటు జాగ్రత్తల మీద ఉపన్యాసాలు కూడా ఇస్తాడు. ఇచ్చే ముందు వంటింటి గడపలో నిలబడి నాకు వినిపిస్తాడు. నేను కూరగాయలు తరుగుతూ వినాలి, మధ్యలో తలెత్తి చూడాలి, చివర బావుందనాలి. "మిత్రులారా! కరెంటుకి కళ్ళు లేవు. అది పెద్దా చిన్నా చూడదు, ఆడా మగా చూడదు" అని మొదలవుతుంది ఆ ఉపన్యాసం. మా ఇంట్లో మాత్రం ఆడా మగా చూసేది. ఆయన్ని ముట్టుకునేది కాదు, నన్ను వదిలేది కాదు. ప్రతిరోజూ కూడా కాదు. ఒకరోజు చీమ కుట్టినట్టు, ఒకరోజు ఏమీ లేనట్టు, ఇంకోరోజు భుజం దాకా లాగేస్తూ. రోజూ కొడితే నయం, మనిషికి ఒక లెక్క దొరుకుతుంది. అప్పుడప్పుడు కొట్టేదానితోనే చావు. ఇవాళ నిజంగా కొట్టిందా, నేనే భయపడి చెయ్యి లాక్కున్నానా అని నాకే అనుమానం వచ్చేది.

"ఎవరైనా ఎలక్ట్రీషియన్ని పిలిపిద్దామా?" అన్నాను ఒకసారి.

"కరెంటాయన ఇంటికి ఇంకో ఎలక్ట్రీషియనా? రేపు ఆఫీసులో నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావ్?"

"పోనీ మీరైనా విప్పి చూడండి."

"ఆదివారం చూద్దాంలే."

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. మా ఆడపడుచు వచ్చినప్పుడు అత్తయ్య ఈ సంగతంతా కథలా చెప్పింది. ఆవిడ కూడా మంచం మీద కూర్చుని, ఫ్యానుని ఒక వేలితో తాకి చూసి, నన్ను జాలిగా చూసింది. "పాపం మా తమ్ముడు, ఆఫీసులో కరెంటు గోల, ఇంట్లో కరెంటు గోల" అంది. ఆ జాలి నా వైపు చూస్తూనే నా పక్క నుంచి వెళ్ళి తమ్ముడికి తగిలింది.

చివరికి ఆయనే ఒకరోజు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. కోపంగా కాదు, ప్రేమగానే. దారిలో నీళ్ళ సీసా కూడా కొనిచ్చాడు. డాక్టరు నా చెయ్యి పట్టుకుని, ప్రశ్నలు మాత్రం ఆయన్ని అడిగాడు. నిద్రపోతుందా? చిరాకు పడుతుందా? ఇంట్లో పని ఎక్కువా? "అంత పనేం లేదండీ, ముగ్గురమే" అన్నాడు ఈయన. నరాల బలహీనత అని తేలింది. మాత్రలు రాశాడు. "ఫ్యాను" అనబోయాను. "ఫ్యాను నేను చూశానండీ, అందులో ఏం లేదు. నేను కరెంటాఫీసే" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. రెండు చదువులూ ఒకదానికొకటి నమస్కారం పెట్టుకున్నాయి. మధ్యలో నేను నా చెయ్యి నేను వెనక్కి తీసుకున్నాను.

అంతటితో ఆగితే బాగుండేది. నేను కళ్ళద్దాల దుకాణంలో ఫిట్టింగు బల్ల దగ్గర కూర్చుంటాను. అద్దాన్ని ఫ్రేము కొలతకి అరగదీసి, అంచు గాడిలో కూర్చోబెట్టి, ఆవగింజంత స్క్రూ బిగించాలి. ఎక్కువ బిగిస్తే అద్దం చిట్లుతుంది, తక్కువైతే మనిషి తల వంచగానే జారి పడుతుంది. ఆ బల్ల దగ్గర నన్ను ఎవరూ పిలవరు, ఏదీ అందించమనరు. నా చెయ్యి, దీపం, అద్దం, అంతే. ప్రపంచంలో నాకు కుర్చీ అంటూ ఉన్నది అక్కడొక్కటే. మాత్రలు మొదలుపెట్టాక తల దూది కూరినట్టయింది. ఒక అద్దం అంచు చిట్లింది. అదే సాయంత్రం నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మా ఆయన దుకాణం యజమానితో, "మావిడకి కొంచెం నరాల ప్రాబ్లం, చూసుకోండి సార్" అన్నాడు. నా మంచి కోరే అన్నాడు.

మర్నాడు యజమాని నన్ను పిలిచాడు. "చూడు చెల్లెమ్మా, నరాలన్నాక అద్దాల పని రిస్కు. కొన్నాళ్ళు కౌంటర్లో నిలబడి ఫ్రేములు తుడువు. నెలాఖరు దాకా చూద్దాం, తగ్గకపోతే ఫిట్టింగుకి ఇంకొకర్ని పెట్టుకుంటా. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోలేదు. ఏమైనా అనుకోవడానికి మాత్రలు వీలివ్వలేదు. ఇంట్లో తుడవడం, దుకాణంలో తుడవడం. గుడ్డ ఒక్కటే మారింది. ఆ నెల గడిస్తే నా కుర్చీ పోతుంది, పోయిన కుర్చీ మళ్ళీ రాదు, అది నాకు తెలుసు. తెలిసినా అడగడానికి నా దగ్గర ఏముంది? నా నరాలు బాగానే ఉన్నాయని నాకే నమ్మకం లేదు.

అలాంటప్పుడు దుకాణానికి సెలవైన ఒక మధ్యాహ్నం బాత్రూం కడుగుతుంటే అత్తయ్య పిలిచింది. గాలి పక్కకి పోతోందట. పరుగెత్తుకు వచ్చి ఫ్యాను పట్టుకుని తిప్పాను.

"ఆ చెప్పులేంటి? బాత్రూం చెప్పులతో నా గదిలోకి వస్తావా?" అని అరిచింది.

అరిచింది గానీ ఆ మాటలు నాకు ఎక్కలేదు. నా చెయ్యి ఫ్యాను మెడ మీదే ఉంది. కొట్టలేదు. కాళ్ళవైపు చూసుకున్నాను. రబ్బరు చెప్పులు. ఆయన కాళ్ళకి ఎప్పుడూ ఉండేలాంటివే. ఆడపడుచు మంచం మీద కాళ్ళు ముడుచుకుని తాకింది. నేనొక్కదాన్నే కదా, వట్టికాళ్ళతో, తడినేల మీద నిలబడి దాన్ని పట్టుకునేది! ఇంట్లో ఇంకెవరికైనా తడినేలతో పనుందా? చెయ్యి తీసేసి, చెప్పులతోనే వెళ్ళి ఆయన పనిముట్ల పెట్టె తెచ్చాను. ఆ పెట్టె నాకు కొత్త కాదు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఏది బాగుచేసినా స్టూలు పట్టుకున్నది నేను, టార్చి వేసింది నేను. "స్క్రూడ్రైవరు. అది కాదు, సన్నది. అబ్బ, లైటు స్క్రూ మీద పెట్టవే, నా మొహం మీద కాదు." అంతా అయ్యాక దుమ్ము తుడిచి, మిగిలిన స్క్రూలు ఏరి డబ్బాలో వేసింది నేను. "మావాడు ఇట్టే బాగుచేశాడు" అనేది అత్తయ్య.

టెస్టర్ని లెక్కలేనన్నిసార్లు ఆయన చేతికి అందించాను గానీ ఒక్కసారి కూడా నేను పట్టుకుని చూడలేదు. చేతులు పొడిగా తుడుచుకుని, చెప్పుల మీద నిలబడి, దాని వెనక బిళ్ళ మీద వేలు పెట్టి, కొసని ఫ్యాను మెడకి ఆనించాను.

లోపలి చిన్న బల్బు ఎర్రగా వెలిగింది.

తీశాను. ఆరింది. పెట్టాను. వెలిగింది. అది వెలిగిన ప్రతిసారీ నాలో ఎవరో గట్టిగా ఊపిరి వదులుతున్నట్టుంది. నేను అబద్ధం చెప్పలేదు. నాకు భ్రమ లేదు. నా నరాలు ఇంతకాలం నాకు ఉన్నదున్నట్టు చెబుతూనే ఉన్నాయి, వినొద్దని మిగతావాళ్ళంతా చెప్పారు. నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ నవ్వే ముందొచ్చింది.

"ఎందుకే ఒక్కదానివే నవ్వుకుంటున్నావ్?" అంది అత్తయ్య అనుమానంగా. మాత్రలు పనిచేయడం మానేశాయనుకుని ఉంటుంది.

"ఫ్యాను విప్పుతున్నానత్తయ్యా. కాసేపు గాలుండదు."

"వాడొచ్చాక చూస్తాడుగా?"

"చూశాడుగా."

ఎలా విప్పాలో నాకు పాఠం వచ్చు. ఎన్నిసార్లు విన్నాను! "మిత్రులారా, స్విచ్చి ఆపితే సరిపోదు, ప్లగ్గు పీకాలి. పీకిన ప్లగ్గు మీ కంటికి కనపడుతూ ఉండాలి." స్విచ్చి ఆపి ప్లగ్గు పీకి, తీసుకెళ్ళి అత్తయ్య చేతిలో పెట్టాను.

"ఇది గట్టిగా పట్టుకోండి. నేను అడిగేదాకా ఎవరికీ ఇవ్వకూడదు, మీ అబ్బాయికైనా సరే."

ఆవిడ రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. ఆ ఇంట్లో నేను పనిచేస్తుంటే ఇంకొకరు ఏదైనా పట్టుకోవడం అదే మొదలు.

"మిత్రులారా, మోటారు పక్కనుండే చిన్న డబ్బాలో ప్లగ్గు పీకాక కూడా కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది, తొందరపడి దాని కొసలు ముట్టుకోకండి." ముట్టుకోలేదు. రెక్కలు పూర్తిగా ఆగాక, ముందు జాలీ, రెక్కలు, వెనక మూత వరసగా తీసి, స్క్రూలు తీసిన వరసలోనే గిన్నె మూతలో పేర్చుకున్నాను. కళ్ళద్దాల స్క్రూలతో పోలిస్తే ఇవి గుమ్మడికాయలు. చెయ్యి వణకలేదు. టార్చిని నోట్లో కరుచుకుని చూశాను. వైరు గొట్టంలోంచి పైకి వచ్చే కంత దగ్గర రబ్బరు రింగు ఉండాలి. ఊడిపోయింది. ఫ్యాను అటూ ఇటూ తల తిప్పినప్పుడల్లా రేకు అంచు వైరుని రంపంలా కోస్తోంది. తొడుగు పూర్తిగా అరిగి లోపలి రాగి బయటపడింది. తల ఒకవైపు తిరిగితే రాగి రేకుకి తగులుతుంది, రెండోవైపు తిరిగితే తగలదు. అందుకే ఒకసారి కొట్టేది, ఒకసారి కొట్టేది కాదు. నా మనసు నిలకడ లేనిదని ఎంతమంది అన్నారు! నిలకడ లేనిది ఫ్యాను తల.

అదొక్కటే అయితే ఇంతదాకా వచ్చేది కాదు. ఆ కరెంటు నాలోంచి కాకుండా నేరుగా భూమిలోకి పోవడానికే ఒక ఆకుపచ్చ వైరు ఉంటుంది, ప్లగ్గుకి మూడో కాలు ఉంటుంది. అత్తయ్య గదిలో బోర్డు పాతకాలంది, దానికి రెండే కంతలు. ఫ్యాను కొన్న రోజునే ఆయన మూడు కాళ్ళ ప్లగ్గు తీసేసి, ఆకుపచ్చ వైరు కత్తిరించి, రెండు కాళ్ళది బిగించాడు. "ప్రస్తుతానికి" అన్నాడు. కత్తిరించడానికి ప్లయరు అందించింది నేనే. ఫ్రిజ్ కొన్నప్పుడు మాత్రం, ఎర్త్ లేకుండా పాడైతే కంపెనీవాడు మార్చి ఇవ్వడని, హాల్లో కొత్త బోర్డు పెట్టించి, పెరట్లో గొయ్యి తీయించి, దగ్గరుండి ఎర్త్ వేయించాడు. ఫ్రిజ్‌కి ఉన్న ఎర్త్ నాకు లేదు. ఎవరి మీదా కోపం లేకుండానే ఈ మాట రాస్తున్నాననుకుంటున్నాను. చూసుకుంటే కోపం ఉంది.

అరిగిన వైరుకి టేపు చుట్టి ఊరుకోవచ్చు. ఆయనైతే అదే చేసేవాడు. నేను వీధి చివర ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్ళాను. మూడు తీగల వైరు, హాల్లో ఫ్రిజ్ బోర్డు దాకా అందేంత పొడవు, మూడు కాళ్ళ ప్లగ్గు, వైరు దూరే కంతకి రబ్బరు రింగు ఇమ్మన్నాను.

"సార్‌ని అడిగొచ్చారా మేడం? సైజు తేడా వస్తే మళ్ళీ మార్చనండీ."

"నేనే సార్‌ని. ఇవ్వండి."

ఎందుకలా అన్నానో తెలీదు. అతను వైరు కొలిచి ఇచ్చాడు.

పాత వైరుని ప్లగ్గు దగ్గర కత్తిరించి, మొత్తం తీసి పక్కన పెట్టి, కొత్తదాన్ని రబ్బరు రింగులోంచి దూర్చి, ఎవరైనా లాగినా లోపలి కొసలు ఊడకుండా ముడేసి, ఏ రంగు వైరు స్థానంలో ఆ రంగు పెట్టి, తీగ ఒక్క పోగు కూడా బయటికి రాకుండా బిగించాను. ఆకుపచ్చ వైరుని తుప్పు గీకిన చోట ఫ్యాను ఒంటికి స్క్రూతో పట్టించాను. ఫ్యానుని గుమ్మం దగ్గర నిలబెట్టి, వైరు ఎవరి కాళ్ళకీ తగలకుండా గోడవారగా హాల్లోకి తీసుకెళ్ళి ఫ్రిజ్ పక్క కంతలో పెట్టాను. చెప్పులు వేసుకునే స్విచ్చి నొక్కాను. తిరిగింది. టెస్టర్ ఆనించాను. మెడ మీద, స్టాండు మీద, జాలీ మీద, తల అటు తిరిగినప్పుడు, ఇటు తిరిగినప్పుడు. ఎక్కడా వెలగలేదు.

అత్తయ్య ఇంకా తోక తెగిన పాత ప్లగ్గు పట్టుకునే కూర్చుంది. మెల్లిగా దాన్ని పక్కన పెట్టి, కాళ్ళు నేల మీదికి దించింది. మంచం పట్టె ఆసరాగా రెండడుగులు వేసి, గుమ్మం దగ్గర నిలబడి, ఫ్యాను మెడ మీద చెయ్యి వేసింది. వేసి ఉంచింది.

"కొట్టట్లేదు" అంది.

నేను పాత స్క్రూలు ఏరుతున్నదాన్ని ఆగిపోయాను. "ఇంతకుముందు కొట్టేదా అత్తయ్యా?"

ఆవిడ ఫ్యాను వైపే చూస్తూ, "కాలు కింద పెట్టి పట్టుకుంటే కొట్టేది" అంది.

"మరి నన్నెప్పుడూ కొట్టలేదన్నారే! నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే చూస్తూ కూర్చున్నారే!"

"చెబితే నన్ను కూడా తీసుకెళ్ళేవాడు కదే. ఈ వయసులో నరాలంటే ఇంకేముంది, ఒక మూల కూర్చోబెడతారు. అయినా నా కొడుకు పెట్టిన ఫ్యాను నన్ను కొడుతోందని ఎవరితో చెప్పుకోను?"

నాకు ఒళ్ళు మండింది. కడిగేద్దామని నోరు తెరిచాను. ఆవిడ కాళ్ళు చూశాను. వట్టివి, వాచిన పాదాలు, నేను పొద్దున తుడిచిన నేల మీద. ఇంతకాలం ఒకే గదిలో ఇద్దరం ఒకే దెబ్బ తింటూ ఒకరికొకరం అబద్ధం చెప్పుకున్నాం. నేను ఒంటరిదాన్ని కాదని తెలియడానికి ఒక ఫ్యాను విప్పాల్సి వచ్చింది. తిట్టేద్దామనుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ ఉండిపోయి, వాటి మీదుగా పెద్ద నిట్టూర్పొకటి వచ్చింది.

"కూర్చోండి, పడతారు" అన్నాను.

సాయంత్రం ఆయన వస్తూనే, "రెడీ అయ్యావా? డాక్టరు టైమిచ్చాడు. మాత్ర డోసు పెంచాలేమో అన్నాడు" అన్నాడు. తర్వాత గుమ్మంలో ఫ్యాను చూశాడు, గోడవారగా కొత్త వైరు చూశాడు. "ఎవడొచ్చాడు ఇంటికి?"

"ఎవరూ రాలేదు." పాత వైరు ఆయన చేతిలో పెట్టాను, రాగి బయటపడిన చోటు పైకి కనపడేలా.

వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకి అర్థం కావడానికి క్షణం కూడా పట్టలేదు. పనిలో మంచివాడే. "ఇది ఈమధ్యే అరిగినట్టుంది" అన్నాడు.

"ఈమధ్య కాదురా, పోయిన ఎండాకాలం నుంచీ" అంది అత్తయ్య లోపల్నించి.

ఆయన మొహం చూసి నాకు జాలేసింది. తెలిసే ఊరుకున్నాడా అని అడగలేదు. తెలిసి ఉండకపోవచ్చు. తెలియకపోవడం కూడా ఒక సౌకర్యం. చెప్పుల్లాగే, అలవాటయ్యాక కాళ్ళకి ఉన్నట్టే అనిపించదు.

"చెప్పులు విప్పి ముట్టుకు చూడండి. ఇప్పుడేం కాదు" అన్నాను.

ఆయన ఒక కాలు చెప్పులోంచి సగం తీశాడు. ఆగాడు. మళ్ళీ లోపల పెట్టేశాడు. "నువ్వు చేశావు కదా, బానే ఉంటుందిలే" అన్నాడు. నా పెళ్ళయ్యాక ఆ నోటి నుంచి నా పనికి వచ్చిన మొదటి మెప్పు అది. తర్వాత గొంతు సవరించుకుని, "సరే, పద, డాక్టరు దగ్గరికి లేటవుతుంది" అన్నాడు.

"నేను రానండీ."

"రానంటే? టైం తీసుకున్నాగా!"

"నువ్వెళ్ళిరారా, ఆ మడమేదో చూపించుకో" అంది అత్తయ్య.

ఈసారి కిసుక్కున నవ్వడం నా వంతు. డాక్టరు దగ్గరికి నేనే రెండు రోజులాగి వెళ్తానని, మాత్రలు ఎలా మానెయ్యాలో అడుగుతానని, మాట్లాడేది కూడా నేనేనని చెప్పాను. ఆయన తన చేతిలో పాత వైరు ఉన్నట్టు గమనించి, ఎక్కడ పెట్టాలో తోచక జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు దుకాణానికి కాస్త ముందే వెళ్ళాను. కౌంటర్ మీద తుడిచే గుడ్డ మడతపెట్టి ఉంది. దాన్ని దాటి లోపలికి వెళ్ళి, ఫిట్టింగు బల్ల ముందు కూర్చుని దీపం వేశాను. నిన్న సాయంత్రం వచ్చిన ఫ్రేమొకటి అద్దాల కోసం ఎదురుచూస్తోంది. అద్దం అంచు గాడిలో కూర్చోబెట్టి స్క్రూ తిప్పడం మొదలుపెట్టాను. యజమాని వచ్చి నా వెనక చాలాసేపు నిలబడ్డాడు. స్క్రూ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.

"చెల్లెమ్మా, నెలాఖరు కాలేదు ఇంకా. చెయ్యి ఎలా ఉంది? తగ్గిందా?"

తల ఎత్తకుండానే అద్దాన్ని వెలుతురులో పెట్టి చూశాను. ఎక్కడా గీత లేదు.

"నా చేతికి ఏ జబ్బూ లేదండీ. మా ఇంట్లో ఫ్యాను చెడిపోయింది. బాగుచేశాను."